తలుపు తట్టినది ఎవరు?

పోలీసు చర్య మాట వస్తే మా ఇళ్లలో పెద్దలు గొంతు తగ్గించేవారు. చీకటి పడ్డాక తలుపు చప్పుడైతే "కౌన్?" అని అడిగి, గొంతు గుర్తుపడితేనే గడియ తీసేవారు. ఈ అలవాటు ఎక్కడిదో మన పిల్లలకు చెప్పవలసియున్నది.

భయం ఒక్కరోజులో పుట్టలేదు. 1947-48లో ఖాసిం రజ్వీ నాయకత్వాన రజాకార్లు పల్లెల మీద పడి జుల్మ్ చేశారు. 1948 మే 22న గంగాపూర్ స్టేషనులో రైలు ప్రయాణికులపై దాడి జరిగింది. రజాకార్లను ఎదిరించి వ్రాసిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను ఆగస్టులో హైదరాబాదులో దారికాచి చంపారు. ఆయనా ముసల్మానే. ఇది మనం దాచరాదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం చేతులెత్తేశాడు. అంతటితో భయం ఇల్లు మారింది. టోపీ, గడ్డం కనబడితే చాలు, రజాకారు అని ముద్ర వేశారు. పొలం దున్నుకునేవాడెవడో, తుపాకి పట్టినవాడెవడో విడదీసి చూసే ఓపిక చాలామందికి లేకపోయింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయి.

భారత ప్రభుత్వం కోరగా పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఆ ఏడాది చివర 16 జిల్లాలలో 9 తిరిగి విచారించారు. తాము వెళ్లలేని 109 గ్రామాల వారిని 500 మందికి పైగా కలిశారు. తక్కువలో తక్కువ 27,000 నుండి 40,000 మంది ప్రాణాలు పోయాయని అంచనా వేశారు. ఆ నివేదిక దశాబ్దాలు మూలబడి, 2013లో గాని ఢిల్లీలో అందరూ చూసే వీలు కలగలేదు.

అదే నివేదికలో ఇంకొక మాట గలదు. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లకు అడ్డు నిలిచి, తమ ప్రాణాలు సైతం పోగొట్టుకున్నారు. ఎత్తుకుపోయిన ఆడవాళ్లను తిరిగి ఇళ్లకు చేర్చుటలో చాలామంది హిందువులు సాయపడ్డారు. పక్కపక్కన మగ్గం నేసినవారికి ఎదుటివాడు పరాయివాడు కాలేదు కాబోలు.

సభ్యులకు మా మనవి ఒక్కటే. ఆ రోజులు చూసిన ముసలివారు ఇంకా ఏ కొద్దిమందో ఉన్నారు. వారి దగ్గర కూర్చుని అడగండి, వ్రాసిపెట్టండి. కొట్టినవారి సంగతే కాదు, దాచినవారి సంగతి కూడా వ్రాయండి. ఒకటి వదిలి ఒకటి చెబితే మన పిల్లలు కూడా గడియ వేసుకునే కూర్చుంటారు.