ఆంధ్ర తీరంలో చేపల బోట్ల భద్రతా వ్యయం

సముద్రపు వేటకు వెళ్లే బోటు ప్రాణరక్షణ, అగ్నిమాపక, సమాచార పరికరాలకు, రిజిస్ట్రేషన్‌కు, తనిఖీకి, బీమాకు పెట్టే ఖర్చు, నియమాలకు లోబడి ఒడ్డున ఆగిన రోజుల్లో కోల్పోయే ఆదాయం కలిపి చేపల బోట్ల భద్రతా వ్యయం అవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం వంటి రేవుల నుంచి మరబోట్లు, తీరగ్రామాల నుంచి మోటారు బిగించిన ఫైబర్ బోట్లు, తెప్పలు వేటకు వెళ్తాయి. పరికరాల కొనుగోలుకు ప్రభుత్వాలు సాయం చేస్తున్నా, వాటి నిర్వహణ ఖర్చు, వేట ఆగిన రోజుల నష్టం ఎక్కువగా బోటు యజమానుల మీద, కళాసీల మీద పడతాయి.

చట్టాలు

1958 నాటి వర్తక నౌకాయాన చట్టంలో చేపల బోట్ల కోసం తరువాతి కాలంలో ప్రత్యేక భాగం చేర్చారు. 2025లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. తీరానికి దగ్గరి జలాల్లో వేటను రాష్ట్రాలు నియంత్రిస్తాయి. ఇందుకు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఆధారం. బోట్లకు రిజిస్ట్రేషన్, వేట లైసెన్సు ఇచ్చేది మత్స్యశాఖ. సముద్రంలో గాలింపు, రక్షణ బాధ్యత తీర రక్షక దళానిది.

అంతర్జాతీయంగా చూస్తే, 2012 నాటి కేప్‌టౌన్ ఒప్పందం 24 మీటర్లు, అంతకు మించిన పొడవున్న నౌకలను ఉద్దేశించినది. ఆంధ్ర తీరంలోని మరబోట్లలో అత్యధికం అంతకన్నా చిన్నవి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో ఆమోదించిన 188వ ఒడంబడిక విశ్రాంతి వేళలు, వైద్య పరీక్ష, ఆహారం, వసతి వంటి ఆరోగ్య అంశాలను కూడా నిర్దేశిస్తుంది. అది 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది.

ఖర్చు తీరు

లైఫ్ జాకెట్, లైఫ్ బాయ్, మంటలార్పే సిలిండర్, ప్రథమ చికిత్స పెట్టె, వీహెచ్‌ఎఫ్ రేడియో, దీపాలు ప్రధాన పరికరాలు. ఇవి ఒకసారి కొంటే తీరే ఖర్చు కాదు. ప్రమాద సంకేతాలకు వాడే ఫ్లేర్లకు గడువు ఉంటుంది, మంటలార్పే సిలిండర్‌ను ఎప్పటికప్పుడు నింపించాలి, ఉప్పుగాలికి బ్యాటరీలు, తీగలు పాడవుతాయి. సబ్సిడీ సాధారణంగా కొనుగోలుకే పరిమితం కాబట్టి ఈ నిర్వహణ భారం యజమానిదే. రేడియో ధర పెద్ద బోటుకైనా చిన్న బోటుకైనా దాదాపు ఒకటే. అందువల్ల రాబడితో పోల్చితే చిన్న బోటుకే బరువెక్కువ.

వేట ఆగిన రోజుల నష్టం మరో పెద్ద పద్దు. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. అది మత్స్యసంపద కోసం పెట్టిన విరామం. తుపాను హెచ్చరికల కారణంగా ఆగే రోజులు దీనికి అదనం. నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం 2019 నుంచి కుటుంబానికి రూ.10,000 ఇచ్చేది, 2025లో దాన్ని రూ.20,000కు పెంచింది. తుపాను వల్ల ఆగిన వేటకు ఇలాంటి స్థిరమైన భృతి లేదు.

ప్రభుత్వ సాయం

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద భద్రతా కిట్లకు, సమాచార పరికరాలకు సాయం అందుతుంది. సాధారణ వర్గాలకు యూనిట్ వ్యయంలో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం సబ్సిడీగా ఇస్తారు. అదే పథకంలోని ప్రమాద బీమా కింద మరణానికి లేదా శాశ్వత పూర్తి వైకల్యానికి రూ.5 లక్షలు చెల్లిస్తారు. ప్రీమియంలో మత్స్యకారుల వాటా లేదు.

లక్ష బోట్లకు ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు అమర్చే జాతీయ కార్యక్రమాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ప్రారంభించారు. దీని అంచనా వ్యయం రూ.364 కోట్లు, అంటే బోటుకు సుమారు రూ.36,400. సెల్ సిగ్నల్ అందని చోట కూడా ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు సందేశం పంపడానికి, తుపాను హెచ్చరికలు, సరిహద్దు సమాచారం అందుకోవడానికి ట్రాన్స్‌పాండర్ పనికొస్తుంది. సరిహద్దు సమాచారం ఎందుకు ముఖ్యమో ఒక ఉదంతం చెబుతుంది: 2018లో గుజరాత్ బోట్లలో పనిచేస్తూ పాకిస్తాన్‌కు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. సముద్రపు అలల, గాలుల అంచనాలను, చిన్న బోట్లకు ప్రత్యేక హెచ్చరికలను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉచితంగా అందిస్తోంది.

భారం ఎవరిపై

చాలా మరబోట్లలో కళాసీలకు జీతానికి బదులు రాబడిలో వాటా ఉంటుంది. చేపలు అమ్మగా వచ్చిన డబ్బులోంచి ముందు డీజిల్, ఐసు, తిండి ఖర్చులు తీసేసి, మిగిలింది యజమాని, సిబ్బంది పంచుకుంటారు. భద్రతా ఖర్చును ఈ ఉమ్మడి ఖర్చుల్లో వేస్తే కళాసీ వాటా కూడా తగ్గుతుంది. యజమాని వాటాలో వేస్తే తగ్గదు. ఈ ఖర్చును ధర పెంచి రాబట్టుకోవడమూ కష్టమే. రేవులో సరుకు ధర వేలంపాటలో తేలుతుంది కాబట్టి, నియమాలు పాటించిన బోటు చేపకూ పాటించని బోటు చేపకూ ఒకటే రేటు. చేప కొనేవారికి ఈ తేడా తెలిసే వీలు లేదు. లైసెన్సు ఉన్న బోటుకే డీజిల్ సబ్సిడీ వంటి షరతులే యజమానికి నేరుగా కనిపించే ప్రతిఫలం. 2019లో రాష్ట్రం ఆ సబ్సిడీని లీటరుకు రూ.9కి పెంచింది.

నియమాలు లేనప్పటి నష్టం

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా చనిపోయారు. వారిలో వేటకు వెళ్లి సముద్రంలో చిక్కుకున్నవారు ఎందరో. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పక్కపక్కనే కట్టి ఉంచిన బోట్లకు మంటలంటుకుని దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. బోట్లలోని డీజిల్, వంటగ్యాస్ సిలిండర్లు మంటలను పెంచాయి. రాష్ట్ర ప్రభుత్వం నష్టంలో 80 శాతం పరిహారం ప్రకటించింది. అలా ఆ భారంలో పెద్ద భాగం ఖజానాకు చేరింది. అయితే పని పోయిన కళాసీల రాబడి బోటు విలువ లెక్కలోకి రాదు.