వకీలు బూర్గుల

మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన మన హైకోర్టు భవనం గురించి రాసేవాళ్లు గుమ్మటాల దగ్గరో గొప్ప తీర్పుల దగ్గరో ఆగిపోతారు. ఇక్కడి బార్ రాజకీయాలకు ఇచ్చిన మనుషుల చరిత్ర అంతకన్నా పెద్దది. వాళ్లలో బూర్గుల రామకృష్ణారావును హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రిగానే గుర్తుపెట్టుకున్నాం. పదవిలో ఉన్నప్పుడూ ఆయన వకీలే అని నా అభిప్రాయం. ఆయన పాలనలోని బలమూ లోటూ రెండూ ఆ వృత్తిలోంచే వచ్చాయి.

పాలమూరు జిల్లాలో 1899లో పుట్టి, పూనా ఫెర్గూసన్ కాలేజీలో చదివి, లా పట్టాతో తిరిగొచ్చి 1924లో హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టారు. 1884 నుంచీ సర్కారు భాష ఉర్దూ. తెలుగు రైతు చెప్పుకున్న గోడు ఉర్దూ వాదనగా మారితే తప్ప జడ్జి చెవికెక్కేది కాదు. తన భూమి కేసులో ఏం జరుగుతోందో ఆ రైతుకు వకీలు చెప్తేనే తెలిసేది. ఆ అన్యాయాన్ని రోజూ దగ్గరగా చూసింది వకీళ్లే. మాడపాటి హనుమంతరావు, కొండా వెంకట రంగారెడ్డి వంటి న్యాయవాదులు ఆంధ్రోద్యమంలో ముందు నిలవడానికీ, 1931లో దేవరకొండ ఆంధ్ర మహాసభకు బూర్గుల అధ్యక్షుడు కావడానికీ ఇదొక ముఖ్య కారణమని నమ్ముతాను.

1952లో షాద్‌నగర్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యేనాటికి సాయుధ పోరాటం ఆగి ఏడాది కూడా కాలేదు. 1950 నాటి కౌలుదారీ చట్టానికి ఆయన ప్రభుత్వం 1954లో తెచ్చిన సవరణతో 38-ఇ సెక్షన్ వచ్చింది. సర్కారు ప్రకటించిన తేదీ నుంచి, చట్టం పెట్టిన హద్దులకు లోబడి, రక్షిత కౌలుదారే భూమికి యజమాని. దొర దయతలచి సంతకం పెట్టాల్సిన పని లేదు. పేదవాడు కోర్టులో ఎక్కడ ఓడిపోతాడో ఎరిగినవాళ్ల చేతి రాత అందులో కనిపిస్తుంది. ఈ చట్టం అందేలోపే ఎందరో కౌలుదార్లను భూమి నుంచి వెళ్లగొట్టారు కదా అంటారు. నిజమే. కాగితం మీది హక్కును ఊళ్లో నిలబెట్టే యంత్రాంగం పటేలు, పట్వారీల చేతిలోనే ఉండిపోయింది. కానీ ఆ సెక్షనే లేకపోతే వెళ్లగొట్టబడినవాడికి దావా వేసే ఆధారమే ఉండేది కాదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమం మీద, ఈ హైకోర్టు పొరుగునే ఉన్న సిటీ కాలేజీ దగ్గర, పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థులు చనిపోయారు. ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహనరెడ్డి చేత విచారణ జరిపించింది. విచారణ వకీలు ఎరిగిన మార్గం. వీధిలోకి వచ్చిన పిల్లల కోపానికి అది చాలలేదు. ఆ మచ్చను ఏ వాదనా తుడవలేదు, తుడవకూడదు కూడా.

38-ఇ కింద వచ్చిన హక్కుల మీద వివాదాలు ఇప్పటికీ మన హైకోర్టులో విచారణకు వస్తూనే ఉన్నాయి.