బాఘ్‌జాన్: అడవి కింద చమురు, ఢిల్లీలో అనుమతి

పాశర్లపూడి పేరు చెబితే కోనసీమలో నలభై దాటినవారికి ముందు మంటే గుర్తొస్తుంది. 1995 జనవరి 8న ఓఎన్‌జీసీ అక్కడ తవ్వుతున్న 19వ నంబరు బావిలో గ్యాస్ ఎగదన్ని అంటుకుంది. ఆర్పడానికి 65 రోజులు పట్టింది. పాతికేళ్ల తర్వాత అస్సాంలోనూ అదే జరిగింది, ఇంకా ఎక్కువ కాలం. అక్కడ బావి పక్కన ఉన్నది కొబ్బరితోటలు కాదు, డిబ్రూ-సైఖోవా జాతీయ పార్కు.

ఎగువ అస్సాంలో చమురూ వర్షారణ్యమూ ఒకే నేలలో ఉన్నాయి. 1901లో మొదలైన దిగ్బోయ్ రిఫైనరీకి దగ్గర్లోనే దిహింగ్ పట్కాయ్ అడవి. అదే తిన్‌సుకియా జిల్లాలోని బాఘ్‌జాన్‌లో 2020 మే 27న ఆయిల్ ఇండియా 5వ నంబరు బావికి మరమ్మతు చేస్తుండగా గ్యాస్ అదుపు తప్పింది. మామూలుగా బావిలో నింపిన బరువైన ద్రవం లోపలి పీడనాన్ని అణచిపెడుతుంది. అది చాలకపోతే బావి నోటి దగ్గరి కవాటాలు ఆపాలి. ఆ రెండూ లేనప్పుడు వచ్చేదే బ్లోఅవుట్. జూన్ 9న మంటలు లేచాయి. సంస్థ అగ్నిమాపక సిబ్బంది ఇద్దరు చనిపోయారు, వేలమంది శిబిరాలకు చేరారు. నవంబరు మధ్యకు గానీ బావి మూతపడలేదు.

టీవీల్లో కనిపించింది మంట. ఎక్కువ నష్టం చేసింది గ్యాస్‌తో పాటు పైకొచ్చి నూనెలా కురిసిన కండెన్సేట్. తేయాకు తోటల మీద, మాగురి-మోటాపుంగ్ బీల్ అనే చిత్తడి చెరువు మీద అది పరుచుకుంది. ఆ బీల్‌లో చేపలు పట్టి బతికే కుటుంబాలున్నాయి. కాలిన ఇంటికి పరిహారం లెక్కగట్టవచ్చు. చేపల వేటకు పట్టా ఎక్కడుంది?

ఢిల్లీలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆ జూన్‌లోనే రూ.25 కోట్లు జమ చేయమని సంస్థను ఆదేశించింది. అసలు చూడాల్సింది అంతకుముందు ఢిల్లీలోనే జరిగినవి. 2020 జనవరి 16న పర్యావరణ శాఖ చమురు, గ్యాస్ అన్వేషణను 'బి2' కేటగిరీలోకి మార్చింది. అంటే అన్వేషణ బావికి పర్యావరణ ప్రభావ నివేదిక అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. ఉత్పత్తి దశలో అవి ఉంటాయనేది వాదన. కానీ అన్వేషణ బావి తవ్వేటప్పుడూ పీడనం అదుపు తప్పవచ్చు. ఊరివాళ్లను అడిగే రోజుకి బావి తవ్వడం అయిపోయి ఉంటుంది.

ఇక మే 11న, అంటే బ్లోఅవుట్‌కు సరిగ్గా 16 రోజుల ముందు, డిబ్రూ-సైఖోవా కింద ఏడు చోట్ల తవ్వడానికి అదే శాఖ అనుమతిచ్చింది. పార్కు బయట రిగ్గు నిలిపి, భూమి లోపల ఏటవాలుగా పార్కు కిందికి వెళ్లే పద్ధతి అది. పైన చెట్టు కదలదన్నది సంస్థ మాట. అది నిజమే. అయితే బాఘ్‌జాన్ బావి కూడా పార్కు బయటదే.

ఇలాంటి అడవి కింద చమురు గురించే ఈక్వడార్ 2023 ఆగస్టులో జనాన్ని ఓటడిగింది. యాసునీ జాతీయ పార్కులోని ఒక బ్లాకులో తవ్వకం ఆపాలని దాదాపు 59 శాతం మంది చెప్పారు. అమలు మాత్రం నత్తనడకే. మన దగ్గర ఆ ఏడు బావులకు అడ్డుపడింది కోర్టు: జీవవైవిధ్య అధ్యయనం జరగలేదన్న కారణంతో 2020 డిసెంబరులో గువాహటి హైకోర్టు స్టే ఇచ్చింది.