గొఱ్ఱెల మేతయందలి సూక్ష్మ ఖనిజములు

మేషపాలనము మన పూర్వుల జీవనాధారము. సింహాచలపు కొండవాలులలో, గోపాలపట్నపు బయళ్లలో మందలు మేసిన దినములలో మేత యనగా గడ్డి, ఆకు, నీరు అని మాత్రమే తలచుచుండిరి. అందు కంటికి కానరాని లోహములును గలవని శాస్త్రజ్ఞులు కనుగొన్న చరిత్రమును మన సోదరుల యెదుట నుంచుచున్నాము.

1892లో విజయనగర ప్రాంతమున మాంగనీసు గనుల త్రవ్వకము మొదలయ్యెను. 1933లో తెఱవబడిన విశాఖపట్టణపు రేవునకు మధ్యపరగణాల మాంగనీసు రైళ్లలో వచ్చి ఓడల కెక్కెను. ఓడల కొలది పోయిన ఆ లోహమే గొఱ్ఱె యెముకలకును ఆవశ్యకము. అయితే కిలో యెండుమేతకు సుమారు 20 మిల్లీగ్రాములు చాలును.

ఆ దశాబ్దముననే పశ్చిమ ఆస్ట్రేలియాలో పచ్చిక నిండుగా నున్నను గొఱ్ఱెలును పశువులును చిక్కి, రక్తహీనములై చచ్చుచుండెను. ఇనుపఖనిజము తినిపింపగా కోలుకొనెను. లోపము ఇనుముదే యని పలువురు తలచిరి. అండర్‌వుడ్, ఫిల్మరు అను పండితులు ఆ ఖనిజమునుండి ఇనుమును తొలగించి మిగిలినదానిని పెట్టి చూచిరి; అప్పుడును గుణము కనబడెను. 1935లో ఆ గుణము కోబాల్టుదని తేలెను. కిలో మేతకు మిల్లీగ్రాములో పదవవంతు కోబాల్టు చాలును. గొఱ్ఱె కడుపులోని సూక్ష్మజీవులు దానితో బి12 విటమిన్ చేయునని 1948 తరువాత తెలియవచ్చెను.

1937లో బెన్నెట్సు, చాప్‌మను అనువారు మఱియొక రహస్యము తెలిపిరి. చూలుగొఱ్ఱెకు రాగి కొఱవడినచో పుట్టిన పిల్లలు వెనుకకాళ్లు తూలి పడిపోవును. అట్లని రాగి నధికముగా పెట్టరాదు. గొఱ్ఱె కాలేయము రాగిని కూడబెట్టుకొని, ఒకనాడు ఒక్కసారిగా నెత్తురులోనికి విడుచును. అప్పుడు కామెర్లు కమ్మి, మూత్రము ఎఱ్ఱనై, పుష్టిగా నున్న జీవమే కూలును. ఆవులకు హితమైన ఖనిజమిశ్రమము గొఱ్ఱెకు విషమగుట ఈ కారణముననే.

నేడు గోపాలపట్నపు బయళ్లు ఇండ్లతో నిండిపోయినవి. తుమ్మ, రేగు, వేప మొదలగు పలువిధముల ఆకులు తిని కొఱత తీర్చుకొను మందకు ఆ తావు లేదు. కట్టివేసి యొకే మేత పెట్టువారికి ఈ లెక్క తెలియుట ప్రాణావసరము. కాబట్టి మందలు గల సోదరులు గొఱ్ఱెలకై చేసిన మిశ్రమమునే పశువైద్యుని సలహాతో వాడవలెననియు, పోషకులైన పెద్దలు మేతపరీక్షకు తోడ్పడవలెననియు మనవి చేయుచున్నాము. కులవృత్తిని కీర్తించుటకంటె మందను బ్రతికించుకొనుట ముఖ్యము.