జెండాలును, వీరుల పేర్లును

మదుర నుండి తేనికి పోవు బాటలో ఉసిలంపట్టి దాటి, కనుమ దిగి ఆండిపట్టి చేరువారికి ఎన్నో యేండ్లు మొదట కంటబడుచు వచ్చినవి ఇండ్లు కావు, జెండా స్తంభములు. రాజకీయ పక్షములవి కొన్ని, కులసంఘములవి కొన్ని. స్తంభము అడుగున సిమెంటు తిన్నె, తిన్నెపై రంగుల చారలు, ప్రక్కన కత్తి చేతబట్టిన యొక వీరుని బొమ్మ. ఆ రంగు చూచినంతనే ఆ వీధి యెవరిదో స్థానికులకు తెలిసిపోవును. ఇంట తెలుగు, అంగడిలో తమిళము మాటలాడుచు ఈ సీమలో తరతరములుగా కాపురమున్న మనవంటి కుటుంబములకు ఈ జెండాల భాష క్రొత్తది కాదు. మనకును వీరులు కలరు. మనవారును జెండాలు ఎత్తినారు. మన పూర్వుల ఘనతను చెప్పు వ్యాసములు ఇట్టి సంచికలలో పెక్కు వచ్చుచుండును. ఆ ఘనతను నలుగురి నడుమ నిలుపునప్పుడు కలుగు చిక్కును గూర్చి మేము కొంత ముచ్చటింప దలచితిమి.

మనము వచ్చిన కథ చదువరులకు తెలిసినదే. 1529 ప్రాంతమున విశ్వనాథ నాయకుడు మదురలో అధికారము చేపట్టెను. దేశమును డెబ్బదిరెండు పాళెములుగా పంచినట్లు పరంపర చెప్పుచున్నది. తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు ఏలెను. 1689 నుండి పసివాడైన మనుమని పేర రాజ్యము నడపిన రాణి మంగమ్మ వేయించిన బాటను తమిళులు నేటికిని ‘మంగమ్మాళ్ శాలై’ అనియే పిలుచుచున్నారు. బోడినాయకనూరు వంటి ఊళ్ళ పేర్లలో ఆ కాలము నిలిచియున్నది. అయితే వచ్చినవారందరును పాళెగాండ్రు కారు. నల్లరేగడి దున్నిన కమ్మవారు, రెడ్లు కలరు. మగ్గము నమ్ముకొన్నవారు కలరు. పశువుల మందలతో బ్రదికిన కంబళపు నాయకులు కలరు. మోటబావులకు తోలుసంచులు కుట్టి యిచ్చిన అరుంధతీయులును కలరు. వీరందరి ఇండ్లలోను తెలుగు వినబడెను. ఈ చివరివారిని మన సంచికలు తరచుగా మరచుచున్నవి. ఆ మాటకు మరల వచ్చెదము.

మనవారు అన్నిటికంటె గర్వముతో చెప్పుకొను పేరు పాంచాలంకురిచ్చి కట్టబొమ్మ నాయకునిది. ‘గట్టిబొమ్ము’ అను తెనుగు మాటయే తమిళుల నోట కట్టబొమ్మన్ ఐనదని మన పెద్దలు చెప్పుట కలదు. 1799 సెప్టెంబరు 5వ తేదీన మేజర్ బానర్మన్ కుంపిణీ సేనతో ఆ కోటపై బడెను. ఆ యేడే అక్టోబరు 16న కయత్తారులో నాయకుని ఉరితీసిరి. తమ్ముడు ఊమైదురై 1801లో చెర తప్పించుకొని వచ్చి, నేలమట్టమైన కోటను తిరిగి కట్టి మరల పోరాడెను. 1959లో వచ్చిన చలనచిత్రముతో ఈ కథ ఊరూరికి పాకెను. 1974లో తమిళనాడు ప్రభుత్వము పాంచాలంకురిచ్చిలో స్మారకముగా కోటను కట్టించెను. ఒక జిల్లాకును, ఒక బస్సు సంస్థకును ఆయన పేరు పెట్టిరి. తెలుగు మాటలాడు ఇంట పుట్టినవానిని తమిళ దేశమంతయు తనవానిగా చేసికొనెను. మనకు ఇంతకంటె గౌరవ మేమి కావలయును?

కాని ఆ కోటలో నాయకు డొక్కడే లేడు. చేరువనున్న కవర్నగిరివాడైన సుందరలింగము ఆయన సేనానులలో నొకడు. దేవేంద్రకులమువాడు, అనగా ఊరు అంటరానివారని వెలిగా నుంచిన జనములో పుట్టినవాడు. శత్రువుల మందుగుండు కొట్టములో నిప్పుతో చొరబడి, దానితోబాటు తానును భస్మమయ్యెనని ఆ ప్రాంతపు పరంపర. నాయకుడు ఉరికంబ మెక్కుటకు ముందే ఈ సేనాని ప్రాణము లిచ్చెనన్నమాట.

ఇరువురి పేర్లును 198 యేండ్ల తరువాత బస్సుల మీద కలిసికొనెను.

ఆ కాలమున తమిళనాడులో ప్రభుత్వపు బస్సులకు రాజుల పేర్లును, వీరుల పేర్లును ఉండెడివి. మదురవి పాండియన్, కోయంబత్తూరువి చేరన్, దిండుక్కల్లువి రాణి మంగమ్మాళ్, తిరునెల్వేలివి కట్టబొమ్మన్. 1997 వేసవిలో విరుదునగరమున క్రొత్తగా నేర్పడిన సంస్థకు వీరన్ సుందరలింగము పేరు పెట్టిరి. ఆ పేరున్న బస్సు ఎక్కమని కొందరు అగ్రవర్ణములవారు పట్టుబట్టిరి. బస్సులపై రాళ్ళు పడెను. దక్షిణ జిల్లాలలో కులకలహములు చెలరేగి ప్రాణములు పోయెను. తుదకు ప్రభుత్వ మొక నిర్ణయము చేసెను: ఆ జూలై నుండి ఏ బస్సు సంస్థకును, ఏ జిల్లాకును వ్యక్తుల పేర్లు ఉండరాదు. సుందరలింగము పేరుతోబాటు కట్టబొమ్మన్, మంగమ్మ, చిదంబరనార్, పెరియార్, అంబేద్కర్, కామరాజర్, ముత్తురామలింగ తేవర్ పేర్లు అన్నియు దిగిపోయెను.

ఆ వార్త వినినప్పుడు మన ఇండ్లలో కలిగిన విచారము మాకు గుర్తున్నది. మంగమ్మ పేరు పోయెను, కట్టబొమ్మన పేరు పోయెను. తెలుగువారి పేర్లు రెండును ఒకేసారి మాసిపోయెనని పెద్దలు బాధపడిరి. అటుపిమ్మట కొన్ని యేండ్లు దిండుక్కల్లు బస్సును ‘మంగమ్మ బండి’ అనుట వారు మానలేదు. ఆ బాధ న్యాయమైనదే. అయితే సుందరలింగము పేరు పోయెనని మనలో నెంతమంది బాధపడితిమి? నిజము చెప్పవలెనన్న, ఆ పేరు మన నోట చాల తక్కువగా వచ్చెను. మన నాయకుని కొరకు ప్రాణమిచ్చినవానిని ఒక బస్సు పలకపై నిలువనీయనప్పుడు, ఆ యవమానము నాయకునికి గూడ తగిలినదని మనకు తోచకపోయెను.

ఇట్టి తగవు మన సీమకే పరిమితమైనది కాదు. మన కుటుంబముల పిల్లలు పలువురు చదువుకును, ఉద్యోగములకును అమెరికా పోయి, డల్లాసు, అట్లాంటా వంటి దక్షిణాది నగరములలో స్థిరపడియున్నారు. అచ్చట ఇండ్ల ముందును, బండ్ల వెనుకను కొన్నియెడల నొక జెండా వారికి కనబడును: ఎర్రని నేల, దానిపై అడ్డముగా నీలపు గీతలు, గీతలలో తెల్లని నక్షత్రములు. 1861 నుండి 1865 వరకు బానిసత్వమును నిలుపుకొనుటకై తక్కిన దేశముతో పోరాడిన దక్షిణ రాష్ట్రముల సేనలు ఎత్తిన జెండా యది. ఓడిన నూరేండ్లకు, నల్లజాతివారు సమాన హక్కులకై పోరాడుచున్న కాలమున, 1961లో దక్షిణ కరోలినా రాష్ట్రమువారు తమ శాసనసభా భవనముపై దానిని ఎగురవేసిరి. “ఇది మా తాతల శౌర్యము” అని తెల్లవారిలో ననేకు లనిరి. “ఇది మా తాతల సంకెల” అని నల్లవా రనిరి. 2000లో దానిని శిఖరము నుండి దించి భవనపు ముంగిట నిలిపిరి. 2015 జూన్ 17న చార్లెస్టన్ నగరపు ప్రార్థనా మందిరములో జాతిద్వేషము తలకెక్కిన యొక యువకుడు తొమ్మండుగురు నల్లజాతివారిని కాల్చిచంపెను. అతడు ఆ జెండాతో దిగిన ఛాయాచిత్రములు బయటపడెను. జూలై 10న ఆ జెండాను ముంగిట నుండియు తీసివేసిరి.

ఆ హత్యల మరునాడే అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. టెక్సాసు రాష్ట్రములో తమ బండి సంఖ్యా ఫలకముపై ఆ జెండాను ముద్రింపుమని ఒక సంఘము కోరగా, ప్రభుత్వము నిరాకరించెను. అయిదుగురు న్యాయమూర్తులు ప్రభుత్వ పక్షమును, నలుగురు సంఘము పక్షమును నిలిచిరి. ఫలకము ప్రభుత్వము జారీచేయునది గనుక దానిపైనున్న మాట ప్రభుత్వము మాటయే. ఆ మాట ననుమని ప్రభుత్వమును నిర్బంధింపరాదని తీర్పు సారాంశము. తన ఇంటి ముంగిట ఆ జెండా నెత్తుకొను హక్కు మాత్రము ఎవరికిని పోలేదు.

మన దేశమునందును న్యాయస్థానములు ఈ చిక్కును చూచినవి. 1932 జనవరిలో తిరుప్పూరున కాంగ్రెసు జెండా పట్టుకొని లాఠీదెబ్బలకు ఒరిగిన కుమరన్ కథ కోయంబత్తూరు సీమవారికి చెప్పనక్కరలేదు; జెండా ఎత్తు హక్కునకు ఈ నేల ప్రాణము వెలగా నిచ్చినది. ఆ తరువాత డెబ్బదిరెండేండ్లకు, 2004 జనవరి 23న, జాతీయపతాకమును గౌరవముతో ఎగురవేయుట పౌరుని భావప్రకటనా స్వాతంత్ర్యములో భాగమనియు, తగిన పరిమితులకు లోబడియే ఆ హక్కు కలదనియు మన సుప్రీంకోర్టు చెప్పెను. ఇక రహదారులపై జెండా స్తంభముల సంగతి. పక్షములవి గాని, కులసంఘములవి గాని బహిరంగ స్థలములలోనున్న శాశ్వత స్తంభములను పండ్రెండు వారములలో తొలగింపవలెనని మద్రాసు హైకోర్టు మదుర శాఖ 2025 జనవరి 27న ఉత్తరువు చేసెను. మార్చిలో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని సమర్థించెను. వాదములు ఆపైనను సాగినవి.

ఈ యుదాహరణములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన ఒక భేదము తెలియును. దక్షిణ కరోలినాలో దిగినది జెండా; విరుదునగరములో దిగినది పేరు. దించుట రెండుచోట్లను ఒకటే, దించిన కారణము మాత్రము తలక్రిందులు. అచ్చట దిగిన జెండా మనుష్యులను బానిసలుగా నుంచుటకు ఎత్తినది. దానిని దించుటచే అవమానితులకు ఊరట కలిగెను. ఇచ్చట దిగిన పేరు అవమానితుల నుండి లేచిన వీరునిది. దానిని దించుటచే అవమానించినవారి పంతము నెగ్గెను. ప్రభుత్వము అందరి పేర్లను తీసివేసి సమానత్వము పాటించినట్లు కనబడినను, ఒక్కని పేరు సహింపలేనివారికి సమాధానము చెప్పక, ఆ ఒక్కనికై అందరిని తుడిచివేసెను. మంటలు ఆరినందుకు మేమును సంతోషించితిమి. కాని “మేము ఈ పేరున్న బస్సు ఎక్కము” అన్నవారికి “అట్లైన నడచిపొండు” అని చెప్పగల ధైర్యము ఆనాడు సమాజములో లేకపోయెనే యను చింత మాకు నేటికిని తీరలేదు.

కావున ‘జెండా ఉండవలెనా, వద్దా’ అను ప్రశ్న సగము ప్రశ్నయే. ఆ జెండా ఎవరిని గూర్చి ఏమి చెప్పుచున్నది, దానిని దించిన ఎవరి తల ఎత్తబడును, ఎవరి తల వంగును అనునది తక్కిన సగము.

ఈ కొలతబద్దను మన మీదనే పెట్టి చూచుకొందము. ‘మీరు వెలుపలి నుండి వచ్చినవారు’ అను మాట ఈ మధ్య రాజకీయ వేదికలపై మన చెవిని పడుచున్నది. ఆ మాటకు నొచ్చుకొని, బదులుగా మన నాయక రాజుల చిత్రములతో జెండా లెత్తవలెనని యువకులకు తోచుట సహజము. ఎత్తుట వారి హక్కు. దానిని మేము కాదనము. కాని ఆ జెండా ‘మేము మిమ్ము ఏలినవారము’ అని చెప్పునా, ‘మీతో కలిసి ఉరికంబ మెక్కినవారము’ అని చెప్పునా? మొదటి మాట పొరుగువానికి పాత గాయమును రేపును. రెండవ మాటయే కట్టబొమ్మనను తమిళులందరి వీరుని చేసినది. అంతేగాక మన జెండా క్రింద అరుంధతీయునికి చోటు కలదా? పూలితేవుని సేనలో పోరాడిన ఒండివీరుని తమవానిగా వారు కొలుచుచున్నారు. వారి భాష మన భాషయే. మన సభలలో వారికి కుర్చీ లేనప్పుడు, మన సంచికలో వారికి పుట లేనప్పుడు, మనము ఎత్తునది తెలుగు జెండా కాదు, కులపు జెండాయే.

అన్నిటికంటె మనస్సును కలచు జెండా స్తంభముపై నుండునది కాదు. పిల్లల మణికట్టుపై నుండునది. దక్షిణ జిల్లాల బడులలో పిల్లలు తమ కులపు రంగుల దారములు కట్టుకొని వచ్చు వాడుక కలదు. 2023 ఆగస్టులో నాంగునేరిలో దళిత విద్యార్థిని, అడ్డువచ్చిన అతని చెల్లెలిని తోటి విద్యార్థులే ఇంటజొరబడి నరికిరి. దానిపై ప్రభుత్వము నియమించిన న్యాయమూర్తి చంద్రు సంఘము 2024 జూన్‌లో తన నివేదిక నిచ్చి, ఇట్టి దారములును, ఉంగరములును, గుర్తులును బడిలో నిషేధింపవలెననియు, బడుల పేర్లలో కులనామములు తీసివేయవలెననియు సూచించెను. పెద్దవాడు తన ఇంటిపై జెండా ఎత్తిన అది అతని మాట. పసివాని చేతికి కట్టిన దారము ఆ పసివాని మాట కాదు. వానిచేత మనము పలికించు మాట. దానిని విప్పుటకు కోర్టు ఉత్తరువు రానక్కరలేదు, తల్లిదండ్రుల చేయి చాలును.

జెండా అనగానే మార్పరాని దైవమని భావించువారికి ఒక్క సంగతి గుర్తుచేసి ముగించెదము. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమున పింగళి వెంకయ్యగారు గాంధీగారికి చూపిన జెండాలో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముసల్మానులకు గుర్తు. తరువాత చేరిన తెలుపు తక్కిన మతములవారికి. మా రంగేదని సిక్కులు అడిగిరి. ఆ ప్రశ్నను తిరస్కారముగా నెంచక, 1931లో కాంగ్రెసువారు జెండానే మార్చిరి. ఎరుపునకు బదులు కాషాయము వచ్చెను. ఏ రంగును ఏ మతమునకును చెందదని తీర్మానించిరి. తెలుగువాడు గీసిన జెండా పొరుగువాడు అడిగినందుకు మారి, అందుచేతనే అందరిది కాగలిగెను.

మన సంఘములకు మా విన్నపము చిన్నది. ఏటేట అక్టోబరు 16న కట్టబొమ్మ నాయకుని తలచుకొను మన ఇండ్లలో, మన సభలలో, ఆయన పేరు వెంటనే సుందరలింగము పేరును పలుకుదుము గాక. పాంచాలంకురిచ్చికి పిల్లలను చూడ గొనిపోవువారు కవర్నగిరికిని పోయి రావలెను. బస్సు పలకలపై ఒకచోట నిలువలేకపోయిన ఆ రెండు పేర్లు మన పిల్లల నోటనైన ఒకచోట నిలుచును.