సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజను అందుకోవట్లేదు

ఏరేటర్ల చప్పుడు ఆగింది. నీకు మెలకువ వచ్చేసింది.

రాత్రంతా నీళ్లు చిమ్ముతూ తిరిగే ఆ చక్రాల హోరుకి ఎంత అలవాటు పడ్డావంటే, అది మోగుతుంటే నిద్రపడుతుంది, ఆగితే లేచి కూర్చుంటావు. దుప్పటి తోసేసి షెడ్డు బయటికి వస్తావు. మంచు. టార్చి వెలుగు నాలుగడుగులు కూడా పోవట్లేదు. జనవరి మొదటివారం, ధనుర్మాసం, టైము నాలుగున్నర. ఊళ్లో గుడి మైకు అప్పుడే అందుకుంది. అంటే ఊళ్లో కరెంటు ఉంది, పోయింది చెరువుల లైనే. వానలు వెళ్లాక ఇన్సులేటర్ల మీద పేరుకున్న దుమ్ము ఈ మంచుకి తడిసిందంటే చాలు, కరెంటు దాని మీదుగా జారిపోతుంది, సబ్‌స్టేషన్లో లైను పడిపోతుంది. ఎప్పుడొస్తుందో లైన్‌మన్ కూడా చెప్పలేడు.

కైకలూరుకీ ఆకివీడుకీ మధ్య, కొల్లేటి ఒడ్డున, మూడెకరాల కౌలు చెరువు నీది. ఐదో కాంటూరు గీతకి లోపల, సరస్సు వైపుదంతా 1999 నుంచి అభయారణ్యం. 2006లో అక్కడి గట్లు కొట్టేసినప్పుడు మీ నాన్న చెరువు కూడా పోయింది. ఇప్పుడు ఈ నీళ్లలో ఉన్న వెనామీ రొయ్య మీదే ఇల్లు నడవాలి. కిలోకి ముప్ఫై తూగే సైజుకొచ్చింది. పండగ వెళ్లగానే పట్టుబడి.

గట్టు దిగి, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు తీగ లోపలికి వదులుతావు. 3.6.

పగలైతే నీటిలోని పచ్చదనం ఎండకి ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక ఆ పచ్చదనమే తీసుకోవడం మొదలెడుతుంది. రొయ్యలూ తీసుకుంటాయి, అడుగున కుళ్లిన మేతా తీసుకుంటుంది. అందుకే తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ రోజంతటిలోకీ తక్కువ. పైగా నిన్న పదింటిదాకా మంచు విడవలేదు, ఎండ సరిగా రాలేదు. 3 కిందికి దిగితే రొయ్య నీరసపడుతుంది. ఇంకా దిగితే గట్టుకొచ్చి తేలుతుంది.

జనరేటర్ ఉందిగా. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

తాళం తిప్పుతావు.

ఉ... హూ... ఉ... హూ... బరువెత్తలేక మూలిగినట్టు తిరుగుతోంది. ఆగిపోయింది. మళ్లీ కొడతావు. ఇంకా నెమ్మది. మళ్లీ కొట్టబోతున్నావు.

"ఆగండి బాబూ," అంటాడు కాపలా బాబాయ్. "ఉన్న కాస్తా అయిపోద్ది."

నిజమే. చెయ్యి తీసెయ్. మేస్త్రికి ఫోన్ చెయ్. తాడేపల్లిగూడెంలో లారీలూ కోత మిషన్లూ విప్పి చూసే మనిషి, గణపవరం మీదుగా ఈ మంచులో రావాలంటే గంట పైనే పడుతుంది. ఆ గంట నీ దగ్గర లేదు. ఫోన్లోనే చూడాలి.

"ముందు ఆక్సిజన్ గుళికలుంటే చెరువులో చల్లించు తమ్ముడూ," అంటాడు నిద్రగొంతుతో. నీళ్లు తగలగానే ఆక్సిజన్ వదిలే గుళికలవి. రోగం తగ్గదు, కాస్త టైము దొరుకుతుంది. బాబాయ్ బకెట్ తీసుకుని పరిగెత్తాడు. కాలవ నీళ్లు పెట్టించొచ్చుగా అని నీకు తడుతుంది. దానికీ కరెంటు మోటారే.

"ఇప్పుడు సెల్ఫ్ కొడుతూ ప్యానెల్ మీద బల్బు చూడు. ఏమవుతోంది?"

కొడతావు. బల్బు ఎర్రబడి ఆరిపోయేలా ఉంది.

"అయితే కరెంటు సెల్ఫ్ దాకా పూర్తిగా రావట్లేదు. బల్బు నిండుగా వెలుగుతూ ఉత్తినే టక్కుమంటే సెల్ఫ్ మోటారుని అనుమానించేవాణ్ణి. టెర్మినల్స్ చూడు."

బ్యాటరీ మూత తీస్తావు. పాజిటివ్ మీద తెల్లటి, పచ్చటి బూజులాంటి పొడి. క్లాంపు చేత్తో తిప్పితే తిరుగుతోంది. ఈ ఉప్పుగాలికి, ఈ తడికి నెలల తరబడి పెరిగిందది. ఎండపూట ఇంజను తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి ఆ వచ్చిన కాస్త కరెంటే సరిపోయింది. ఇప్పుడు లోపలి ఆయిలు చిక్కబడింది. ఇంకా ఎక్కువ లాగాలి.

"ముందు నెగటివ్ విప్పు. పాజిటివ్ ముందు విప్పితే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి."

విప్పుతావు. చాకుతో సీసం తళుక్కుమనేదాకా గీకుతావు. బిగిస్తావు. నెగటివ్ చివర్లో. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

సెల్ఫ్. ఈసారి గిర్రున తిరిగింది. తిరుగుతూనే ఉంది. అందుకోలేదు.

"పది సెకన్లు మించి కొట్టకు. అర నిమిషం ఆగు. ఈలోపు సైలెన్సర్ చూడు. పొగ ఏ రంగు?"

టార్చి పైకెత్తుతావు. పొగే లేదు.

"తెల్లదీ లేదా?"

"లేదు మేస్త్రిగారూ."

"అయితే నాజిల్ దాకా డీజిల్ రావట్లేదు. ఇక ఇంజనుని తిట్టకు, పైపుని చూడు."

బాబాయ్ గట్టు మీంచి అరుస్తున్నాడు. మీటరు 3.1.

ఫిల్టర్ పక్కనే బొటనవేలితో నొక్కే చిన్న పంపు. పదో నంబరు పానాతో ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ అరచుట్టు వదులు చేసి పంపు నొక్కుతావు. బస్. బస్. డీజిల్‌తో పాటు నురగ. నొక్కేకొద్దీ నురగే.

ఎయిర్ పట్టేసింది. ఎలా పట్టింది? సాయంత్రం చుక్క కూడా కారలేదు, కింద నేల పొడిగా ఉంది.

"కారదు," అంటాడు. "ట్యాంకు కింద, ఇంజను పైన. డీజిల్‌ని పైకి లాగే పైపుకి కన్నం పడితే బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. రాత్రి ఇంజను ఆగి ఉంటే పైపులో డీజిల్ మెల్లగా ట్యాంకులోకి దిగిపోతుంది. రబ్బరు పైపు క్లిప్పుల దగ్గర వంచి చూడు."

ట్యాంకు దగ్గర క్లిప్పు. పైపు వంచుతావు. గట్టిపడిన రబ్బరు మీద వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది. మధ్యాహ్నం ఎండకి మెత్తబడి అదే మూసుకుంటుంది. చలికి బిగుసుకుంటే తెరుచుకుంటుంది. అందుకే ఆదివారం నీకు కనపడలేదు.

చాకు తీసుకో. చివర అంగుళం కోసెయ్. మిగతాది లాగి గొట్టానికి ఎక్కించు. క్లిప్పు బిగించు. మళ్లీ పంపు. నురగ. నురగ. బుడగలు. ఒక్కో బుడగ. నిఖార్సైన డీజిల్. స్క్రూ బిగించు.

నాజిల్ పైపుల నట్లు మూడూ వదులు చేసి సెల్ఫ్ కొడుతూ చూడమంటాడు. "చెయ్యి అడ్డం పెట్టకు! ఆ ధార చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది." నువ్వు వెనక్కి జరుగుతావు. చిమ్మింది. మూడూ చిమ్మాయి. బిగించు.

మీటరు 2.7.

సెల్ఫ్.

డుబ్. డుబ్... తెల్లపొగ. గుప్పున. డుబ్.

అందుకోలేదు.

మళ్లీ. తెల్లపొగ. కళ్లు మండుతున్నాయి. డుబ్... డుబ్... ఆగింది.

"బాబూ, తేలుతున్నాయ్!"

టార్చి నీళ్ల మీద వేస్తావు. గట్టు వెంబడి కళ్లు. వేల కళ్లు. ఎర్రగా. మీసాలు నీటిపైన. నీ నీడ పడినా చెదరట్లేదు.

బాబాయ్ పరిగెత్తుకొచ్చాడు. ఒక చేతిలో పాతగుడ్డ. ఇంకో చేతిలో బండిలోంచి తీసిన పెట్రోలు సీసా. "ఎయిర్ ఫిల్టర్ తీసి ఇది పెట్టేద్దాం. దెబ్బకి అందుకుంటది."

అందుకోవచ్చు కూడా. గట్ల మీద అందరూ చేసేదే. గుడ్డ తడిపాడు. పెట్రోలు వాసన ముక్కుకి తగిలింది. నువ్వు చెయ్యి చాపావు.

ఫోన్లో మేస్త్రికి మాట వినపడింది. "పెట్టకు!"

చెయ్యి ఆగింది.

"పెట్రోలు ఆవిరి పిస్టన్ పైకి రాకముందే పేలుతుంది. పైకొస్తున్న పిస్టన్‌ని కిందికి తంతుంది. రింగులు పోతాయి. మంట గొట్టంలోంచి వెనక్కి తన్నిందా, ఆ గుడ్డ పట్టుకున్న చెయ్యి కాలుతుంది. పారెయ్."

పారేశావు. దూరంగా.

"ఇటు విను. తెల్లపొగంటే లోపలికి డీజిల్ వచ్చింది, కాలకుండా ఆవిరై పోతోంది. వేడి చాలట్లేదు."

వేడి ఎక్కణ్ణుంచి రావాలి? ఈ ఇంజనులో నిప్పు పెట్టే ప్లగ్గు లేదు. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు కాలినట్టు, గాలిని నొక్కితేనే వేడి పుడుతుంది. పదిహేడు వంతుల చోట ఉన్న గాలిని ఒక వంతులోకి నొక్కితే ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు డీజిల్ పడితే దానంతటదే అంటుకుంటుంది. నెమ్మదిగా తిరిగితే చల్లటి గోడలు ఆ వేడిని తాగేస్తాయి. రింగులు అరిగినా, వాల్వులు సరిగా కూర్చోకపోయినా నొక్కిన గాలి జారిపోతుంది.

"మరి చలికి హీటరు పెట్టాల్సిందేనా?"

"ఇప్పుడు అక్కడెంత చలి? పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు. డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడే ఇంజను నీది. ఈ మాత్రం చలికి మంచి ఇంజను ఆగదు. నీ ఇంజనులో కంప్రెషన్ ఎక్కడో తగ్గింది. అది రేపు చూద్దాం. ఇప్పుడు స్టాప్ లివర్ లాగి పట్టుకుని సెల్ఫ్ కొట్టు."

"ఆపే లివరా?"

"అవును. డీజిల్ పడకుండా ఉత్తి గాలే నొక్కుతుంది. లోపల గోడలు కాస్త వేడెక్కుతాయి. ఆయిలు పైకి ఎక్కుతుంది. పది సెకన్లు."

లివర్ లాగావు. సెల్ఫ్. ఎనిమిది, తొమ్మిది, పది. వదిలావు. అర నిమిషం. చెరువు వైపు చూడకు. ఇంకోసారి. పది. ఆగు.

ఇప్పుడు లివర్ వదిలెయ్. ఫుల్ యాక్సిలరేటర్.

సెల్ఫ్.

డుబ్. డుబ్. డుబ్‌డుబ్. డుబ్‌డుబ్‌డుబ్. సెల్ఫ్ వదలకు. వదలకు. డుబ్‌డుబ్‌డుబ్...

అందుకుంది.

వెంటనే యాక్సిలరేటర్ తగ్గిస్తావు. కుంటుతోంది. మూడు సిలిండర్లలో రెండే పనిచేస్తున్న కుంటు. తెల్లపొగ షెడ్డంతా కమ్మేసింది. చేంజ్ ఓవర్ వైపు నీ చెయ్యి పోతుంది. లోడు ఇప్పుడే వేస్తే ఆగిపోతుందేమో. వెయ్యకపోతే రొయ్యలు? ఒక్క నిమిషం. నీ జీవితంలో ఇంత పొడుగు నిమిషం లేదు. మూడోది కూడా కలిసింది. పొగ పలచబడింది.

చేంజ్ ఓవర్. ఒక ఏరేటర్. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది, ఇంజను ఒక్కసారి వంగి లేచింది. రెండోది. మూడోది. ఎనిమిదీ ఒకదాని తర్వాత ఒకటి. నీళ్లు తెల్లగా లేస్తున్నాయి. మీటరు 2.2 దగ్గర ఆగింది. కాసేపటికి 2.4. ఇంకాసేపటికి 2.9. గట్టున ఉన్న కళ్లు ఒక్కొక్కటే లోపలికి దిగుతున్నాయి. కొన్ని దిగలేదు. బాబాయ్ వలగరిటెతో తీసి బకెట్లో వేస్తున్నాడు. ఒక బకెట్ నిండింది. రెండోది అడుగు వరకే.

"ఈపూట మేత వద్దు," అంటావు. ఆక్సిజన్ లేక నీరసపడ్డ రొయ్య మేత ముట్టదు, అది అడుగున కుళ్లి ఇంకా ఆక్సిజన్ తింటుంది.

ఆరున్నరకి లైను వచ్చింది. జనరేటర్ ఆపాలా? మళ్లీ అందుకోదేమోనన్న భయంతో ఆపబుద్ధి కాదు. మేస్త్రికి మళ్లీ ఫోన్ చేస్తావు.

"ఆపెయ్. పూర్తిగా చల్లబడనీ. నేను పగలొచ్చి లాభం లేదు, వేడి మీద చూస్తే జబ్బు దొరకదు. రేపు నాలుగింటికి వస్తా. లైను పోతే తప్ప అప్పటిదాకా సెల్ఫ్ ముట్టుకోవద్దు."

ఏం చేస్తాడో అడుగుతావు. చల్లటి ఇంజనుని స్టార్ట్ చేసి, కుంటేటప్పుడు ఒక్కో నాజిల్ నట్టు వదులు చేస్తాడట. ఏది వదిలినా చప్పుడు మారాలి. మారనిదే పనిచేయని సిలిండర్. అందులో కంప్రెషన్ గేజి పెట్టి చూస్తాడు. తక్కువుంటే చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూస్తాడు. ఆయిలు పోశాక పెరిగితే రింగులు అరిగినట్టు, ఎందుకంటే ఆయిలు ఆ సందు మూస్తుంది. పెరగకపోతే వాల్వులు. అంతకన్నా ముందు టాపెట్ల సందు చూస్తాడు, అదొక్కటే తప్పయితే ఖర్చు లేకుండా పోతుంది.

"నువ్వు జనరేటర్ ఎప్పుడు నడిపి చూస్తావు?" అని అడుగుతాడు.

"ఆదివారం మధ్యాహ్నం."

"చెరువుకి ఆక్సిజన్ అయిపోయేది మధ్యాహ్నమా?"

నువ్వు సమాధానం చెప్పవు. కొల్లేరు దాటి ఏలూరు వెళ్లి తేవాల్సినవి కాగితం మీద రాస్తావు: డీజిల్ పైపు, కొత్త క్లిప్పులు నాలుగు, టెర్మినల్స్ జత. బ్యాటరీ ముందు చెక్ చేయించాలి, కొనేది తర్వాత. కింద ఇంకో వరస రాసి ఆ కాగితాన్ని జనరేటర్ ప్యానెల్‌కి అంటిస్తావు: ఇక నుంచి ట్రయల్ స్టార్ట్ ఆదివారం తెల్లవారుజాము నాలుగింటికి.