పిక్కకు చుట్టిన గుడ్డ

సాయంత్రం పూట వాడరేవులో అలివి వల లాగుతుంటే చూడాలి. రెండు మోకులు, రెండు జట్లు. కొందరు నడుం లోతు నీళ్లలో, కొందరు ఇసుకలో మడమలు తన్నిపెట్టి. వల ఒడ్డుకి చేరేదాకా ఒక్క పిక్క కూడా ఊరికే ఉండదు, బిగుస్తుంది, వదులుతుంది, మళ్లీ బిగుస్తుంది. వాళ్లకి కాస్త ఎడంగా, చీరాల నుంచి ఆటోల్లో దిగిన జనం. అందులో ఒకావిడ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాటి లోతు నీళ్లలో నిలబడింది. పిక్కల మీద నీలంగా, వానపాముల్లా మెలికలు తిరిగిన నరాలు.

"ఏందమ్మాయ్, కాళ్లు ఎట్టా ఉన్నయ్?" ఒడ్డున కూర్చున్న పెద్దావిడ అడిగింది.

"నీళ్లలో ఉన్నంతసేపూ లాగటం లేదత్తా. బయటికొస్తే మళ్లీ మామూలే."

ఆవిడకి తెలియకపోవచ్చు గానీ, సరిగ్గా ఇదే సంగతి గమనించిన ఒక ఇంజనీరు తరవాతి రోజుల్లో ఒక పరిశ్రమనే నిలబెట్టాడు. ఆయన దగ్గరికి వెళ్లేలోపు మూడు వేల ఏళ్లు దాటి రావాలి.

మనవాళ్లు దీన్ని 'నరాలు తేలటం' అంటారు, డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అంటారు. నిజానికి ఉబ్బింది నరం కాదు, సిర. నెత్తురు మోసే గొట్టానికీ, మెదడు కబురు మోసే తీగకీ వాడుకలో నరమనే ఒక్క మాటే ఉండటంతో, 'నరాల బలహీనత' అనుకుని బలం మాత్రలు మింగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సముద్రం పక్క ఊళ్లలో ఇంకో చిక్కుంది. కాలు వాచిందంటే బోదకాలేమోనని భయం. అది క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే పురుగు చేసే చేటు. దీని దారి వేరు.

గుండె నుంచి కాలికి నెత్తురు దిగటం తేలిక, ఎక్కి రావటమే కష్టం. కదలకుండా నిలబడ్డ మనిషి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నాలుగడుగులు వేస్తే 30కి అటూ ఇటూగా పడిపోతుంది. పిక్క బిగిసినప్పుడల్లా లోపలి సిరను పిండి నెత్తుర్ని పైకి తోస్తుంది, మళ్లీ కిందికి జారకుండా సిర లోపలి చిన్న చిన్న తలుపులు మూసుకుంటాయి. ఆ తలుపులు సడలితే నెత్తురు వెనక్కి దిగి నిలవ ఉంటుంది, గోడ సాగుతుంది, సాగిన గోడ తలుపుల్ని ఇంకా ఎడం చేస్తుంది. తలుపుల బలహీనత చాలామందికి అమ్మానాన్నల నుంచే వస్తుంది. కాన్పులు, బరువు, వయసు దాన్ని బయటపెడతాయి. గర్భిణికి పొత్తికడుపులో సిరల మీద బరువు పడుతుంది, హార్మోన్లు సిర గోడల్ని మెత్తబరుస్తాయి. ఆడవాళ్లలో ఈ జబ్బు ఎక్కువ కనిపించటానికి అదొక కారణం.

మిగతాది మనం చేసే పని. ఈ ప్రాంతంలో కాలు పడే పాట్లు రకరకాలు. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసే ముఠా కూలీ బరువెత్తేటప్పుడు ఊపిరి బిగపడతాడు, పొట్టలో ఒత్తిడి సిరల్లోకి దిగుతుంది. గుంట మగ్గం మీద కూర్చున్న నేతగాడికి తొడ గట్టు అంచున ఒరుసుకుంటుంది, కానీ గుంటలో పాదాలు ఆడుతూనే ఉంటాయి కనక కొంత నయం. నా లెక్కలో అందరికన్నా పాపం చీరాల బట్టల కొట్లో కుర్రాడిది. పొద్దుటి నుంచి రాత్రి దాకా కౌంటర్ వెనక నిలబడి చీరలు విప్పి చూపిస్తాడు. చేతులే ఆడతాయి, కాళ్లు ఆడవు. బస్సు కండక్టరు, నర్సు, టీచరు, ట్రాఫిక్ పోలీసు అందరూ ఆ బాపతే.

ఈ బాధ కొత్తది కాదు. క్రీస్తుపూర్వం 1550 నాటి ఈజిప్టు వైద్య పత్రం, ఎబెర్స్ పపైరస్, పాములా మెలికలు తిరిగిన ఉబ్బులపై కత్తి పెట్టొద్దంటుందని పండితులు చెబుతారు. రోములో ఏడు సార్లు కాన్సల్ అయిన మారియస్‌కి రెండు కాళ్లలోనూ ఇదే జబ్బు. కట్టేయనివ్వకుండా ఒక కాలిలో సిరలు కోయించుకున్నాడని, మూలగను కూడా మూలగలేదని ప్లూటార్క్ రాశాడు. వైద్యుడు రెండో కాలి వైపు తిరగ్గానే, ఇంత నొప్పికి ఈ ఫలితం చాలదని వద్దన్నాడట. అంత వీరుడూ రెండో కాలు ఇవ్వలేదంటే ఆ కోత ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

మన సుశ్రుతుడు 'సిరాగ్రంథి' గురించి చెప్పాడు. బలం లేనివాడు శక్తికి మించి శ్రమ చేస్తే సిరలు ముడిపడి పైకి ఉబికి వస్తాయంటాడు. అది ఈ జబ్బేనని కొందరు వైద్యుల అభిప్రాయం. నాకు మాత్రం ఆయన కట్ల అధ్యాయమే ఎక్కువ ముచ్చటగా ఉంటుంది. పద్నాలుగు రకాల కట్లు చెప్పి, వాటికి వాడే గుడ్డల్లో పత్తి గుడ్డనీ లెక్కపెట్టాడు. జలగల్ని పన్నెండు రకాలుగా విడదీసి ఆరింటిని విషం లేనివిగా ఎంచినదీ ఆయనే. జలగ నోటి రసంలో నెత్తురు గడ్డకట్టనివ్వని పదార్థం ఉందని 1884లో జాన్ హేక్రాఫ్ట్ కనిపెట్టాడు. అలాగని ఉబ్బిన సిర మీద ఇంట్లో జలగ పట్టించుకోవద్దు. పుండు మానక చీము పట్టే ప్రమాదం ఎక్కువ.

సిరల్లో తలుపుల సంగతి ఇటలీలో పాడువా అధ్యాపకుడు ఫాబ్రిషియస్ 1603లో పుస్తకంగా వేశాడు. వాటి పనేమిటో ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో తేల్చాడు. హార్వే వాడిన పరికరం మోచేతి పైన బిగించిన ఒక కట్టు, అంతే!

ఇక మన వైపు వస్తే, గుంటూరులో 1883లో అడుగుపెట్టిన అమెరికన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898 నాటికి ఇక్కడ ఆసుపత్రి తెరిచారు. మగ వైద్యుడికి మోకాలు చూపించటమే తప్పనుకున్న రోజుల్లో, ఈ ప్రాంతపు ఆడవాళ్లకి కాలు చూపించుకునే చోటు దొరికింది. ఆ సిగ్గు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. చీర కింద పుండు పడేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పరు.

కట్టు సంగతికొస్తే, బ్రిటిష్ ఇండియా సైన్యానికి హిమాలయ కొండ జనం నుంచి వచ్చిన అలవాటు ఒకటుంది, చీలమండ నుంచి మోకాలి దాకా పిక్కకు గుడ్డ చుట్టటం. మన 'పట్టీ' ఇంగ్లీషు నిఘంటువులోకి 'పుట్టీ'గా ఎక్కింది అలాగే. పాత పోలీసు జవాన్ల కాళ్లకి ఆ పట్టీలు మన తాతలు చూశారు. చీరాల వైపు చూస్తే ఇంకా తమాషా. నూనెలో నానబెట్టి ఎర్రద్దకం వేసిన తేలియా రుమాళ్లు ఇక్కడ నేసి అరబ్బు దేశాలకు పంపారు. తలకు చుట్టే గుడ్డని సముద్రాలు దాటించిన ఊరికి కాలికి చుట్టుకోవటం మాత్రం పట్టలేదు.

ఇప్పుడా ఇంజనీరు. అమెరికాలో టోలెడో ఊళ్లో స్థిరపడ్డ జర్మన్, పేరు కొన్రాడ్ జోబ్స్ట్. ఆయన కాళ్లలోనూ సిరల జబ్బే. ఈత కొలనులో నిలబడితే నొప్పి తగ్గుతోందని గమనించాడు. నీటి ఒత్తిడి పాదం దగ్గర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ. అదే పద్ధతిలో కింద బిగుతుగా, పైన వదులుగా పట్టే మేజోళ్లు 1950లో తెచ్చాడు. లెక్క వేసి చూడండి, మోకాటి లోతు, అంటే 45 సెంటీమీటర్ల నీళ్లు చీలమండని సుమారు 33 మిల్లీమీటర్ల ఒత్తిడితో పట్టుకుంటాయి. డాక్టర్లు ఎక్కువగా రాసే మేజోళ్లు 20 నుంచి 30. వాడరేవులో ఆవిడ వేసుకున్నది ఆ మేజోడే, కాస్త బిగువెక్కువ.

ఇక ఇంటి వైద్యం. వావిలాకు కాపడం, ఆముదం మర్దన హాయినిస్తాయి, తలుపుల్ని బాగు చేయలేవు. పైగా వేడి సిరల్ని ఇంకా సాగదీస్తుంది కనక ఉప్పు వేసిన వేడినీళ్ల తొట్టి కన్నా చన్నీళ్లే మేలు. సరస్వతి ఆకు సారం మీద కొన్ని చిన్న పరిశోధనలు ఆశ కలిగించాయి, గట్టి సాక్ష్యం ఇంకా రాలేదు. యాపిల్ వెనిగర్ పూస్తే తగ్గుతుందనే మాటకైతే ఆధారమే లేదు. నిలిచిన మందులు మూడే: నడక, కాలు ఎత్తిపెట్టుకోవటం, కట్టు. రాత్రి మంచం కాళ్ల వైపు నాలుగైదు అంగుళాల ఎత్తు పెట్టండి. కౌంటర్ వెనక నిలబడాల్సి వస్తే మునివేళ్ల మీద లేచి దిగండి, పిక్క పని చేస్తుంది. ఇవి కూడా ఉబ్బిన సిరను మాయం చేయవు, వాపునీ నొప్పినీ అదుపులో ఉంచుతాయి. ముదిరితే స్కాన్ చేసి లేజర్‌తో మూసే వైద్యం ఇప్పుడు చాలాచోట్ల ఉంది.

ఒక్క కాలే హఠాత్తుగా వాచి నొప్పి పుడితే మర్దన చేయించుకోకండి. లోపల నెత్తురు గడ్డ ఉండొచ్చు, అదే రోజు డాక్టరుకి చూపించండి. ఉబ్బిన సిర చిట్లి నెత్తురు కారితే వెంటనే పడుకుని, కాలు పైకెత్తి, గుడ్డతో గట్టిగా అదమాలి. నిలబడి ఉంటే ఆగదు. షుగర్ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు కట్టుకు ముందు పాదంలో నాడి సరిగా ఉందో లేదో చూపించుకోవాలి.

కట్టు పొద్దున్నే, మంచం దిగక ముందు కట్టాలి. కాలివేళ్ల మొదళ్ల నుంచి మొదలుపెట్టి మడమ కప్పుతూ పైకి రావాలి. చీలమండ దగ్గర బిగువు, మోకాలి దగ్గర వదులు. తిరగేసి కడితే వాపు పెరుగుతుంది.